మూడు కత్తెరలు

పదకొండేళ్లుగా నేను ఒక ఆడపిల్ల జుట్టును మోస్తున్నాను. నడుము దాటి వేలాడే జుట్టు. నాది కాదు, మా ఆడబిడ్డ రేవతిది. ఆ జుట్టు నా వల్ల పోయింది. జుట్టు పోతే మళ్లీ వస్తుంది, వచ్చింది కూడా. దానితోపాటు తన మనసులోంచి ఇంకొకటి పోయింది, అది రాలేదు. ఈ మాట మొన్నమొన్నటిదాకా నేను ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో అనగలుగుతున్నాను. నా పేరు అడగకండి. తన అసలు పేరు కూడా రేవతి కాదు.

ఇదంతా మొదలైంది మొటిమలతో. నవ్వొస్తోందా? నాకూ ఒక్కోసారి వస్తుంది. మొటిమల గురించి ఇంత బరువైన సంగతి ఏముంటుంది?

అందరికీ పదహారేళ్లకు వచ్చి ఇరవైకి పోతాయి. నాకు ఇరవై రెండుకు మొదలై ఇరవై ఎనిమిది దాటినా పోలేదు. దవడ పొడవునా, గడ్డం కింద, లోపల గడ్డ కట్టి ముట్టుకుంటే ప్రాణం పోయే రకం. పెళ్లయితే పోతాయన్నారు. పెళ్లయింది. బిడ్డ పుడితే పోతాయన్నారు. ఒంట్లో వేడి అన్నారు, నూనె తినొద్దన్నారు, మొహం సరిగ్గా కడుక్కోదని కూడా అన్నారు. నేను తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్ కౌంటరులో కూర్చునేదాన్ని. కొండకు వచ్చే భక్తులు గది తాళంతోపాటు నా మొహాన్నీ ఒకసారి చూసి, పోతూ పోతూ ఒక చిట్కా చెప్పి పోయేవాళ్లు. గుంటూరావిడ వేపాకు నూరి పెట్టుకోమంది. మద్రాసావిడ కుప్పింటాకు అంది. ఒక పెద్దాయన పరగడుపున కాకరకాయ రసం తాగమన్నాడు. అడగని సలహాకు కరువెక్కడ? అన్నీ చేశాను. టూత్‌పేస్టు పూశాను. నిమ్మచెక్క రుద్దుకుని మొహం మండించుకున్నాను. మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. పది రోజులు మొహం నిగనిగలాడింది. ఆపగానే రెండింతలై వచ్చాయి.

రేవతికి అప్పుడు ఇరవై రెండు, బీఎడ్ చదువుతోంది. నేను కాపురానికి వచ్చిన రోజే నా వెనకాల వెనకాల తిరిగిన పిల్ల. నాకు తోబుట్టువులు లేరు. తను ఆ ఇంట్లో లేకపోతే నేను మొదటి నెల కూడా ఉండేదాన్ని కాదేమో. తనకూ అదే ఏడాది మొటిమలు మొదలయ్యాయి. ఇద్దరం ఒకే అద్దం ముందు నిలబడి ఎవరివి ఎక్కువో చూసుకుని నవ్వుకునేవాళ్లం. నాది ఎర్రచందనం అడవి అట, తనది ఇంకా నర్సరీ అట. అంత చనువు మాది.

లాడ్జిలో దిగిన ఒక నర్సమ్మ చెబితే, మధ్యాహ్నం భోజనం వేళలో ఎవరికీ చెప్పకుండా ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె లైటు పెట్టి నా దవడంతా చూసింది. ఇది మురికి వల్ల వచ్చింది కాదు, మీ తప్పు కాదు అంది. ఆ ఒక్క మాటకే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. షాపు ట్యూబు పారేయమంది. రోజుకు రెండుసార్లు సబ్బు కాకుండా మామూలు ఫేస్‌వాష్, పడుకునే ముందు శనగగింజంత పూతమందు, పొద్దున బయటికి పోయేటప్పుడు ఎండ తగలకుండా రాసుకునే క్రీము. వాటితోపాటు ఆరు నెలలు మాత్రలు. మాత్రలకు మాత్రం ఒక షరతు పెట్టింది. అవి మింగినన్నాళ్లూ, ఆపాక ఒక నెల వరకూ కడుపు రాకూడదు. వస్తే బిడ్డకు ప్రమాదం.

చిక్కంతా అక్కడే వచ్చింది. పెళ్లయి రెండేళ్లు. నెలనెలా నేను బయట చేరిన రోజు మా అత్త మొహం చూడలేకపోయేదాన్ని. ఆవిడ ఒక్క మాట అనేది కాదు, కంచంలో అన్నం కలుపుతూ అలా ఉండిపోయేది. అలాంటి మనిషికి, మొహం బాగుపడాలని ఏడు నెలలు బిడ్డ వద్దనుకున్నాను అని ఎలా చెప్పను? మా ఆయన మద్రాసు దారిలో ఫ్యాక్టరీలో పని చేస్తూ ఆదివారాలు వచ్చేవాడు. కొన్నాళ్లు ఆగుదాం అంటే సరేనన్నాడు, ఎందుకని అడగలేదు. మాత్రలు లాడ్జి కౌంటరు సొరుగులో దాచుకుని అక్కడే మింగేదాన్ని. పెదాలు పగిలితే ఏసీ గాలి అన్నాను. రేవతికి చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చేది. కానీ తన నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి అత్తకు చేరిపోతుంది. ఆగిపోయాను.

మొదటి రెండు నెలలు నా మొహం ఇంకా పాడైంది. ముందు అలాగే ఉంటుందని డాక్టరమ్మ చెప్పే ఉంది. అత్తకు తెలియదు కదా, నన్ను చూసి జాలిపడి స్వామికి మొక్కుకుంది. ఒక శుక్రవారం నన్ను కొండకు తీసుకుపోయి మూడు కత్తెరలు ఇప్పించింది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, మగవాళ్లలాగా గుండు చేయించుకోలేని ఆడవాళ్లు జుట్టు కొసన మూడుసార్లు కత్తెర వేయించుకుంటారు, మొక్కు చెల్లిపోతుంది. మళ్లీ జడ వేసుకుంటే పొడుగులో తేడా కూడా తెలియలేదు.

తరువాత రెండు నెలలకు నా మొహం తేటపడింది. వీధి వీధంతా చూసింది. అత్త ఆనందానికి పట్టపగ్గాలు లేవు, మూడు కత్తెరలకే స్వామి పలికినాడని కనబడినవాళ్లందరికీ చెప్పింది. నేను పక్కన నిలబడి నవ్వాను. అబద్ధం చెప్పలేదు, నిజం చెప్పలేదంతే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. దాపరికం ఎందుకు, ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను. నాకు అది బాగుండింది. ఆరేళ్లు జాలిగా చూసిన కళ్లు ఇప్పుడు అదృష్టవంతురాలు అన్నట్టు చూస్తుంటే, ఆ పేరు వదులుకోబుద్ధి కాలేదు.

ఒకరోజు రేవతి నన్నే సూటిగా అడిగింది, ఏం పూసుకుంటున్నావో నాకైనా చెప్పమని. ఏమీ లేదు, స్వామి దయ అన్నాను. అది మాత్రం అబద్ధమే. ఇక దానికి వేరే పేరు లేదు.

తను లెక్క వేసుకుంది. వదినకు మూడు కత్తెరలకే పోయాయి, నేను మొత్తం ఇస్తే ఇంకా తొందరగా పోతాయి అని. వద్దన్నాను. మూడు కత్తెరలు చాలన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. కొండమీద తలనీలాలిచ్చే కల్యాణకట్టలో తన పక్కనే కూర్చున్నది నేనే. నీళ్లు చల్లి జుట్టు తడుపుతుంటే నా చెయ్యి పట్టుకుంది. తల వంచింది. ఆ జుట్టంతా ఒళ్లోకి, అక్కడినుంచి నేల మీదికి జారుతుంటే నేను చూస్తూనే ఉన్నాను. ఆపు అనడానికి ఎంతసేపు పడుతుంది? నా మాత్ర ఆ రోజుది ఇంకా సొరుగులోనే ఉందని, కిందికి దిగాక వేసుకోవాలని గుర్తొచ్చింది. నిజంగా ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది అదే. తరువాత తన గుండుకు గంధం పూసింది కూడా నేనే. చిన్నపిల్లలా ఉంది. అద్దంలో చూసుకుని నవ్వింది.

ఆ నెలాఖరుకు నా మాత్రలు అయిపోయాయి. చివరిసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ నా మొహం చూసి మురిసిపోయి, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే తీసుకురమ్మంది. ఎవరూ లేరు మేడం అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. రేవతిని అక్కడికి తీసుకుపోతే తన గుండు నా అబద్ధం వల్లేనని తనకు అర్థమైపోతుంది. అంతే కారణం. నా బండారం బయటపడకుండా ఉండడానికి ఆ పిల్ల మొహం అలాగే ఉండనిచ్చాను.

రెండు నెలలు గడిచాయి. రేవతి తలమీద జుట్టు వేలెడు కూడా పెరగలేదు. మొటిమలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి, జుట్టు అడ్డం లేక ఇంకా ఎక్కువ కనబడేవి. మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాం. తను తలకు చున్నీ చుట్టుకుని ఉంది.

"వదినా, నీకు మూడు కత్తెరలకే పోయినాయి. నేను అంతా ఇచ్చేసినా గదా, నాకెందుకు పోలేదు? ఏం తప్పు చేసినాను?"

నా మాత్రలు అయిపోయి అప్పటికే నెల దాటింది. భయపడడానికి కారణం కూడా మిగల్లేదు. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"మనస్ఫూర్తిగా ఇచ్చినావా?"

చేతిలో తడిచీర అలాగే పట్టుకుని ఆలోచించింది.

"ఎంటికలు ఒళ్లో పడతా ఉంటే, అయ్యో అనుకున్నా వదినా. ఒక్క నిమిషమే. అందుకేనంటావా?"

"ఏమో. అయ్యుండచ్చు."

తను తల ఊపింది. నమ్మింది. నేను చెప్పాను కాబట్టి నమ్మింది. చీర దులిపి తీగ మీద వేసి, అంచులు సరిచేసింది.

తరువాత నాకు కొడుకు పుట్టాడు. రేవతికి చిత్తూరులో ఒక స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. పెళ్లి వద్దంది, తన ఇష్టం. పుట్టినరోజులకు నేను తనకు ఫేస్‌వాష్ కొనిచ్చాను, ఎండకు రాసుకునే క్రీము కొనిచ్చాను. డాక్టరు పేరు మాత్రం ఇవ్వలేదు. గుమ్మందాకా పోయి తలుపు తట్టకుండా వచ్చినట్టు, ఎన్నేళ్లు అలా చేశానో. అత్త పోయి రెండేళ్లయింది. ఆవిడ భయమే అడ్డం అని చెప్పుకునేదాన్ని కదా, ఆ అడ్డమూ పోయింది. అయినా చెప్పలేదు. అప్పుడు తెలిసింది, నేను భయపడింది అత్తకు కాదని. రేవతి నన్ను చూసే చూపు మారిపోతుందని భయం. ఆ ఇంట్లో నన్ను మొట్టమొదట ప్రేమించిన మనిషి చూపు.

పోయిన నెల ఫోను చేసింది. తనకిప్పుడు ముప్పై మూడు. మొటిమలు తగ్గలేదు, పాత వాటి గుంటలు ఉన్నాయి, స్కూలుకు మొహానికి చున్నీ కట్టుకునే పోతుంది. కొండకు వస్తానంది. మళ్లీ గుండు ఇస్తుందట. ఈసారి మనసులో ఏమీ దాచుకోకుండా ఇస్తానంది. ఆ మాట ఎంతో మామూలుగా, సంతోషంగా చెప్పింది.

నేను దేవుణ్ని నమ్మేదాన్నే. ఇప్పటికీ కొండ వైపు చూసి దండం పెట్టుకోకుండా ఇంట్లోంచి కదలను. మరి ఏం చేశాను? ఆ పిల్ల తనకున్నదంతా ఇస్తే దేవుడు తూకం వేసి తక్కువైందన్నాడని నమ్మించాను. ఆయన ఎన్నడూ అనని మాట ఆయన నోట్లో పెట్టాను.

శుక్రవారం పొద్దున బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని ఆరబెట్టుకుంటోంది. మళ్లీ నడుముదాకా పెరిగింది. నేను కాఫీ గ్లాసు తన ముందు పెట్టి, కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. మాత్రల సంగతి, సొరుగు సంగతి, డాక్టరమ్మ రమ్మంటే ఎవరూ లేరన్న సంగతి, మిద్దె మీద అన్న మాట అబద్ధమని. ఏడవకూడదనుకున్నాను, ఏడవలేదు. ఏడిస్తే తను నన్ను ఓదారుస్తుంది. అంత మంచిది.

"నాకు గుండు చేసినపొద్దు కూడా మింగినావా?" అని అడిగింది.

మింగానన్నాను.

తిట్టలేదు. కాఫీ గ్లాసు పక్కకు జరిపింది. తరువాత అంది:

"పదకొండేండ్లు నా మనసే మంచిది కాదనుకున్నా వదినా."

డాక్టరమ్మ పేరు, క్లినిక్ వీధి రాసిన కాగితం ఇచ్చాను. చూడకుండానే సంచిలో పెట్టుకుంది. నేను చెప్పులు వేసుకోబోతే ఆపింది. నేనొక్కదాన్నే పోతా, నువ్వు రావద్దు అంది. వీధి చివర ఆటో ఎక్కేదాకా చూశాను. జుట్టు ఇంకా తడిగానే ఉంది.

ఇరవై రోజులైంది. ఫోను చేయలేదు. ఆ రోజు జుట్టు ఇచ్చిందో లేదో నాకు తెలియదు. డాక్టరు దగ్గరికి పోయిందో లేదో తెలియదు. అడిగే అర్హత నాకు లేదు. మా ఆయనకు కూడా అంతా చెప్పాను. ఆయన లేచి మిద్దె మీదికి పోయాడు.

నన్ను క్షమించమని రేవతిని అడగలేదు. మిమ్మల్నీ అడగను. ఇన్నాళ్లూ చెప్పకుండా దాచిన రెండే రెండు ముక్కలు, ఎవరో ఒకరు వినేటట్టు అనాలనిపించింది, అంతే. నా మొహం బాగుచేసింది మందులు. రేవతి మనసులో ఏ లోపమూ లేదు.