సుబియా నక్కకు భయం నేర్పాం

పదకొండేళ్లుగా కువైట్‌లో ఉంటూ చలికాలపు ఎడారి గుడారంలో ఒక్క పూటైనా గడపలేదంటే మా ఆఫీసులో అందరూ నవ్వారు. ఆ నవ్వులు పడలేక జనవరిలో ఒక శుక్రవారం ఉదయం ఏడున్నరకు ఫింటాస్‌లో బయల్దేరాం. నేనూ, మా ఆయనా, డిక్కీ నిండా గిన్నెలూ. షువైఖ్ రేవు దగ్గర వంతెన ఎక్కాక అరగంట సేపు రెండు పక్కలా సముద్రమే. పెట్రోలు ముందే పోయించుకోండి.

తొమ్మిదింటికి సుబియా చేరాం. రెండు గుడారాలు, ఒక వంటగది, నీళ్ల ట్యాంకు, రోజుకు ముప్పై ఐదు దినార్లు. కాపలా ఉండే ఓబులేసు గారిది కడప జిల్లా, యాభై దాటిన మనిషి. తెలుగువాళ్లమని తెలిసి టీ పెట్టి ఇచ్చారు. నక్క కనిపిస్తే మాత్రం మెతుకు కూడా వేయొద్దని గట్టిగా చెప్పారు. అలాగే అన్నాను.

ఒంటిగంటకు పులిహోర, కోడివేపుడు. తినేముందు కాకికి ముద్ద పెట్టడం మా ఇంట్లో అలవాటు. వేపుడు కలిపి చిన్న ముద్ద ఇసుకలో పెట్టాను. నక్కకు కాదు కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

నాలుగింటికి నక్కే వచ్చింది. ఇసుక రంగు ఒళ్లు, పెద్ద చెవులు. ముద్ద తినేసి పది అడుగుల దూరంలో కూర్చుంది. నక్క తోక తొక్కామని మా ఆయన సంబరం, నాకు ఫోటోల సంబరం. కాసేపటికి గుడారం తాడు దగ్గరికొచ్చింది. ఇంకాసేపటికి తల లోపలికి పెట్టి, వేపుడు పొట్లాన్ని కవరుతో సహా ఎత్తుకుపోయింది. మేం పడీపడీ నవ్వుతుంటే ఓబులేసు గారు వచ్చారు. ఆయన నవ్వలేదు.

రెండేళ్ల కిందట ఒంటరిగా ఉన్నప్పుడు ఆయనే దానికి ముద్ద అలవాటు చేశారట. మొదట దూరంగా తినేది, తర్వాత చేతిలోంచి. పోయిన వారం ఆయన కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) మనవడి చేతిలోంచి మాంసం ముక్క లాక్కుంది.

"నేనూ మీ మాదిరే ముద్ద పెట్టినా మేడం. రేపు కఫీల్ వస్తాడు. నక్క మల్లా దగ్గరికొస్తే మందు పెట్టమన్నాడు. పెట్టాల్సింది గూడా నేనే."

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ చేసిన తప్పు దిద్దుకోవడంలో నేను గట్టిదాన్నే. శనివారం పొద్దున ఆరున్నరకల్లా ఇసుకలో ఎముక ముక్క కూడా మిగలకుండా ఏరి, చెత్తంతా డిక్కీలో పెట్టాం. నక్క రాగానే నేను గిన్నె మీద గరిటెతో మోగిస్తూ మీదికి పరిగెత్తాను. మా ఆయన కేకలు పెట్టారు. అది నాలుగడుగులు వెనక్కి వేసి, మా చుట్టూ తిరిగి వెళ్లి ఓబులేసు గారి కాళ్ల దగ్గర కూర్చుంది.

వారం నుంచీ రాళ్లు విసురుతున్నా పోవడం లేదని రాత్రి ఆయన చెప్పిన మాట గుర్తొచ్చింది. తగిలేటట్టే విసురుతున్నారా అని అడిగాను. ఆయన తల దించుకున్నారు.

"తగలకుండా ఇసిరినా మేడం."

"ఈసారి తగలాలండీ" అన్నాను. అనడం నాకు తేలికే.

ఆయన చెప్పు తీసి విసిరి కొట్టారు. డొక్కలో తగిలి అది కుయ్యిమంది. నమ్మలేనట్టు ఆయన వంకే చూసింది. రెండో చెప్పు కూడా తగిలింది. తర్వాత ఒట్టి కాళ్లతో అరుస్తూ మిట్ట దాటేదాకా తరిమారు. తిరిగొచ్చి ట్యాంకు దగ్గర చాలాసేపు ముఖం కడుక్కున్నారు.

మూడింటికి కఫీల్ కుటుంబం కార్లు వస్తుంటే మేం బయల్దేరాం. సుబియా తప్పకుండా చూడదగ్గ చోటు. వెళ్లండి, హాయిగా తినండి, మిగిలింది మూటగట్టి తెచ్చుకోండి. ముద్ద పెట్టాలనిపిస్తే ఇంటికొచ్చి పెట్టుకోండి.

షర్క్ చేపల మార్కెట్ దగ్గర ఆగి టీ తాగుతుంటే ఐదున్నరకు ఓబులేసు గారి ఫోన్ వచ్చింది. నక్క వచ్చిందట. పిల్లలు అల్లంత దూరంలో ఆడుకుంటున్నారట, మాంసం కాలుతోందట. టీ కప్పు కింద పెట్టేశాను.

"మిట్ట మీంచి నన్ను చూసింది మేడం. చూసి ఒకటే పరుగు."

మంచి పని చేశారని అన్నాను. ఔనన్నారు. ఫోన్ పెట్టేస్తారనుకున్నాను, పెట్టలేదు.

"పిల్లోళ్లను చూసి గాదు మేడం" అన్నారు. "నన్నే చూసి."