ఆదివారం ఆలస్యంగా లేచే నక్షత్రం

ప్రియామో లొద్దే కడుపులో ఏ రహస్యమైనా దాగుతుంది గానీ, రేడియో రొద మాత్రం దాగదు. మురారెయా ఊళ్లో ఎవరింట్లో ఏ యంత్రం చిటపటలాడినా ఆయన చెవిన పడాల్సిందే. పడిందా, మధ్యాహ్నానికల్లా సార్డీనియాలోని మేకలక్కూడా తెలిసిపోవాల్సిందే.

ఆయన ఉద్యోగమే అది. ఊరి పక్కన గొర్రెల బయళ్ల మధ్య రేడియో టెలిస్కోపు ఒకటి, చెరువంత గిన్నె ఆకాశానికి పట్టుకుని కూర్చుని ఉంటుంది. నక్షత్రాల నుంచి వచ్చే రేడియో తరంగాలు ఎంత నీరసమైనవంటే, ఊళ్లో ఒక మిక్సీ తిరిగితే చాలు, వాటి గుసగుస మునిగిపోతుంది. అందుకని ప్రియామో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చేపముల్లు లాంటి యాంటెనా చేతపట్టి, గుమ్మం గుమ్మం వాసన చూస్తూ తిరుగుతాడు.

"దొరికాడు దొంగ!" అని ఒకనాడు చర్చి ముందు ఆయన వేసిన కేకకి గంటలు వాటంతటవే మోగాయని చెబుతారు. దొంగ, ఫాదరుగారి గడ్డం గీసుకునే యంత్రం. ఆ సిగ్గుతో ఫాదరు పెంచిన గడ్డం ఇప్పుడు బొడ్డు దాటింది. మేయరుగారి కాలింగ్ బెల్లుని సరిగ్గా ఎన్నికల సభ నాడే పట్టుకున్నాడు. మేయరు పదకొండు ఓట్లతో ఓడిపోయాడు.

స్పెరాంజా ఉసాయి అనే కుర్ర ఖగోళ శాస్త్రవేత్త అక్కడ కొత్తగా చేరిన రోజుల్లో, బార్లో ప్రియామో ఉపన్యాసం వింది. చీజ్ చేసే గొర్రెల కాపరి గొనారియా అప్పుడే తెచ్చి పెట్టిన గుండ్రటి చీజ్ చక్రాన్ని ఆయన లాక్కున్నాడు.

"ఈ చక్రమంతా వెలుగే అనుకోండి!" అంటూ చిటికెడు గిల్లి చూపించాడు. "మన కంటికి కనబడేది ఇంతే. తక్కినదంతా రేడియో, పరారుణం, అతినీలలోహితం, ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు. కళ్లతోనే చూస్తానన్నవాడు ఈ చిటికెడు నాకి విందయిపోయింది అంటున్నట్టే!"

"చీజ్ నాదిరా. వెలుగు నీదైతే దాన్ని గిల్లుకో," అంది గొనారియా.

"ఉండు అక్కా! ఎక్స్ కిరణాల్ని పైన గాలే మింగేస్తుంది, వాటికోసం ఉపగ్రహాలు ఎక్కించాలి. రేడియో అలా కాదు. మబ్బు అడ్డు రాదు, పట్టపగలు ఎండ అడ్డు రాదు. అడ్డమల్లా ఈ బారువాడి కాఫీ యంత్రమే!"

బారువాడు ఆ క్షణమే ప్లగ్గు పీకేశాడు. ఆ రోజు ఎవరికీ కాఫీ దక్కలేదు.

ఫిబ్రవరిలో స్పెరాంజా జాతకం తిరిగింది. సెకనుకి కాస్త అటూఇటుగా ఒకసారి, టిక్, టిక్, టిక్ అని కొట్టుకునే ఒక సంకేతం ఆమె కొలతల్లో పడింది. అలా కొట్టుకునే నక్షత్రాలున్నాయి. ఇది ఏ పట్టికలోనూ లేదు. టెలిస్కోపు డైరెక్టరమ్మ వచ్చే శుక్రవారానికి విలేకరుల్ని పిలిచింది. కేకు చేయించారు. జూన్‌తో స్పెరాంజా ఉద్యోగం గడువు ముగుస్తుంది. ఈ నక్షత్రం నిలబడితే ఆమె కూడా నిలబడుతుంది. తప్పని తేలితే, యూరప్ ఖండమంతా ఆమె పేరు చెప్పుకుని నవ్వుతుంది.

సోమవారం సాయంత్రం ప్రియామో యాంటెనాతో బయలుదేరి వెళ్లి, తిరిగొచ్చి, ఒక్క మాట మాట్లాడలేదు. ఆఫీసులో గగ్గోలు పుట్టింది. ఒకరు నుదురు పట్టుకు చూశారు, ఇంకొకరు డాక్టరుకి ఫోన్ చేశారు.

"బాబాయ్, ఊళ్లో దొంగలందరూ మారిపోయారా?" అని మంగళవారం స్పెరాంజా ఏడిపించింది.

"చెవులు దిబ్బడేశాయమ్మా." టోపీ తీసి నలుపుకున్నాడు. "ఊరికే అడుగుతున్నాను. నీ నక్షత్రం ఆదివారాలు ఆలస్యంగా లేస్తుందా?"

"భలేవారే! నక్షత్రాలకి సెలవులేంటి బాబాయ్?"

నవ్వుతూనే వెళ్లి లెక్కలు తెరిచింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఏ నక్షత్రమైనా రోజుకి నాలుగు నిమిషాలు ముందు ఉదయించాలి. ఇది రోజూ సరిగ్గా ఏడున్నరకే లేస్తోంది. ఆదివారం పదిన్నరకి.

"దేవుడా, ఇది ప్రార్థనకి వెళ్లొస్తోంది!"

బుధవారం పొద్దున ఆయన్ని యాంటెనా అడిగింది. "నువ్వే పట్టు, నా చెవులు బాలేవన్నానుగా," అని ఆయన వెనకాల నడిచాడు. బయలు దాటేసరికి టిక్ టిక్ పెద్దదైంది. చివరికి గొనారియా కరెంటు కంచె దగ్గర చెవులు చిల్లులు పడ్డాయి. ఒక గుంజకి, కరెంటు కిందకి పాకకుండా ఆపే పింగాణీ బిళ్ల పగిలి, తీగ తడిగడ్డికి తగిలి, టిక్కుకో నిప్పురవ్వ ఎగురుతోంది.

"కంచె ఆపమంటారా ఏంటి?" అని గొనారియా చేతులడ్డం పెట్టింది. "రోజూ ఏడున్నరకి, ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక, స్విచ్చి వేసేది ఊరికేనా? అవతల పచ్చి లూసర్న్ మేత చేను. నా గొర్రెలు అందులో దూరి మేస్తే కడుపుబ్బి చస్తాయి!"

"ఆపొద్దు అత్తా, బిళ్ల మారిస్తే చాలు," అంది స్పెరాంజా. తిన్నగా వెళ్లి డైరెక్టరమ్మకి చెప్పింది: నక్షత్రం లేదు, కంచె ఉంది, కనిపెట్టింది నేనే.

డైరెక్టరమ్మ కుర్చీలో కూలబడి, విలేకరులకి ఫోన్ చేసి రావద్దంది. తనకు దొరికిన నక్షత్రాన్ని తనే అనుమానించే మనిషిని వదులుకోనంటూ జూన్ గడువు రెండేళ్లు పొడిగించింది. కేకు మాత్రం అందరూ తిన్నారు. అందులో తప్పేమీ తేలలేదు.

శనివారం ఒక కేకు ముక్క పట్టుకుని స్పెరాంజా గొనారియా దగ్గరికి వెళ్లింది. "బిళ్ల వెంటనే మార్చారు అత్తా, చాలా థాంక్స్."

"వెంటనేనా? సోమవారమే మార్చబోయాను. ఆ ప్రియామోగాడు నా చెయ్యి పట్టుకున్నాడు. 'ఒక పిల్ల వచ్చి తనంతట తను దీన్ని పట్టుకోవాలక్కా, గురువారం దాకా ఆగు, ఎవరితోనూ అనకు' అని గడ్డం పుచ్చుకున్నాడు."

"ప్రియామో బాబాయ్? రెండు రోజులు? ఎవరికీ చెప్పకుండా?"

"ఎవరికీ చెప్పకుండా ఎలా ఉంటాడు, చచ్చిపోడూ?" గొనారియా బయలు వైపు చెయ్యి చూపించింది. "పొద్దునా సాయంత్రం వచ్చి నా గొర్రెలకి చెప్పుకున్నాడు. నూట ఎనభై ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ పక్కకి పిలిచి మరీ చెప్పాడు."