రెండు సీసాలు దించి సముద్రం మీదికి

రాత్రివేళ హెలికాప్టర్లో సముద్రం మీదికి ఎలా వెళ్ళొచ్చావని మా చర్చి సంఘంలో చాలామంది అడిగారు. ఇలాంటి పిలుపు రేపు మరో ఆసుపత్రి మనిషికి రావచ్చు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను రాజమండ్రిలో ఒక మిషన్ ఆసుపత్రిలో కాంపౌండర్‌ని. ఆ సాయంత్రం ఆరున్నరకు చమురు కంపెనీ జీపు వచ్చింది. సముద్రంలో నూనె బావి తవ్వే రిగ్గు మీద ఒకతని తొడ మీద ఇనుప పైపు పడింది. డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉండి, నన్ను వెళ్ళి తీసుకురమ్మన్నారు. చీకటి పడ్డాక హెలికాప్టరు మామూలుగా ఎగరదు. ప్రాణం మీదికి వస్తేనే.

ఏడుంబావుకు మధురపూడి విమానాశ్రయం చేరాం. అక్కడ ఎక్కే ప్రతి మనిషినీ ధాన్యం బస్తాలా కాటా మీద నిలబెడతారు. సంచి విడిగా తూస్తారు. తూకం వేసే రాజుగారు ముల్లు చూసి తల అడ్డంగా ఊపారు.

"సంచికి పది కిలోలేనండి. మీది పన్నెండుంది. రిగ్గు మీద దిగలేకపోతే తిరిగి రావాలి కదండీ, ఆయిలు ఎక్కువ పోశాం. రెండు కిలోలు దించేయండి."

సంచిలో మూడు సెలైన్ సీసాలు, కట్లు, బద్దలు, మందులు, నా వాక్యగ్రంథం. తోలు అట్ట, పెద్దక్షరాల బైబిలు, రెండు కిలోల పైనే ఉంటుంది, నాన్నగారిచ్చింది. ప్రాణాపాయంలో ఉన్నవాడి దగ్గరికి వాక్యం లేకుండా వెళ్ళకూడదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాణ్ణి. సెలైన్ రిగ్గు మీదా ఉంటుందిలే అనుకున్నాను. రెండు సీసాలు తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

"పుస్తకం మాత్రం వదల్లేదండీ మీరు!" అని నవ్వారాయన.

ఏడూ యాభైకి లేచాం. కోనసీమ దీపాలు కింద కాసేపు కనిపించాయి. తీరం దాటాక పైనా కిందా ఒకటే నలుపు. ఆ రొదలో నా దగ్గు నాకే వినబడలేదు. ఎనిమిదిన్నరకు దూరంగా రిగ్గు మంట కనిపించింది.

దెబ్బ తగిలిన సత్యం రాజోలు దగ్గరి మనిషి. ముఖం సున్నం కొట్టినట్టుంది. నా చేతిలో గ్రంథం చూశాడు.

"పాస్టరుగారాండీ? అయిపోయిందా నా పని?"

"కాదు నాయనా, కాంపౌండర్ని."

"హమ్మయ్య! ఇంకా టైముందన్నమాట."

రేడియో చూసే ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "మా దగ్గరున్న రెండు సీసాలూ ఎక్కించేశామండి. మీరు తెచ్చారు కదా?"

"తెచ్చాను" అన్నాను. ఉన్న ఒక్కటీ ఎక్కించాను.

ఈదురుగాలికి పైలట్ నలభై నిమిషాలు ఆగమన్నాడు. తొమ్మిదిన్నరకు లేచేసరికి సీసాలో రెండు వేళ్ళ మందం మిగిలింది. గ్రంథం తెరిచి టార్చి వేశాను. పైలట్ వెనక్కి తిరిగి ఆర్పమని చెయ్యి ఊపాడు; లోపల వెలుతురుంటే అతనికి బయట కనిపించదు. నోటికి వచ్చిన కీర్తన సత్యం చెవిలో అరిచి చెప్పాను. వినబడటం లేదని తల ఊపాడు. కాసేపటికి నా మణికట్టు పట్టుకుని వేలు పైకి చూపించాడు. పరలోకం చూపిస్తున్నాడనుకుని ఇంకా గట్టిగా చెప్పాను. మళ్ళీ చూపించాడు. టార్చి అరచేత్తో కప్పి చూస్తే, పైన వేలాడే సీసా ఖాళీ.

తీరం దీపాలు కనిపించేటప్పటికి నాడి దొరకలేదు.

పదీ పదికి దిగాం. డాక్టరుగారు అంబులెన్సు దగ్గర నిలబడి ఉన్నారు.

"ఎన్ని ఎక్కించావు?"

"ఒకటేనండి."

ఆయన దుప్పటి సత్యం ముఖం మీదికి లాగారు.

కాగితాల మీద సంతకాలయ్యేసరికి తెల్లారింది. రాజుగారు నా సీసాలు రెండూ తెచ్చి చేతికిచ్చారు. రాజమండ్రి వచ్చి, ఆరున్నరకు కొవ్వూరు మా ఇంటికి బస్సెక్కాను. వంతెన మీద పక్క సీటు పెద్దావిడ నా ఒళ్ళోకి చూసింది.

"ఎవరికి బాబూ సెలైను? ఇంట్లోవాళ్ళకా?"

"రాజోలు మనిషికమ్మా. అందలేదు."

వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. వాక్యం కంఠతా పట్టుకుని వెళ్ళండి. దాన్ని ఎవరూ కాటా మీద పెట్టరు. సంచిలో చోటంతా సీసాలకివ్వండి.

దేవుడు క్షమిస్తాడని నమ్ముతున్నాను. సత్యం భార్యను మాత్రం ఇంతవరకు అడగలేదు. రాజమండ్రి నుంచి రాజోలుకు పొద్దున ఏడింటికి బస్సుంది. ఇంకా ఎక్కలేదు.