తెర మీద లేని మాట

మా పిడుగురాళ్లకు డేరా సినిమా వచ్చిన ఏడు నేను బడిపంతుల్ని. ఊళ్లో ఇంగ్లీషు చదవగలిగిన నలుగురిలో ఒకణ్ణని నాకు కాస్త కొవ్వు. అప్పటికే పట్నాల్లో టాకీలు ఆడుతున్నా, డేరా యజమాని దగ్గరున్నది పాత మూకీ. బొమ్మల మధ్య ఇంగ్లీషు రాతలు పడేవి. తెర పక్కన నిలబడి వాటిని తెలుగులో చెప్పే మనిషికి గొంతు పోవడంతో నన్ను పిలిచారు. కోతికి కొబ్బరికాయ దొరికింది.

కథ ఏదో పెద్ద పట్నంలో ఒక ఇరుకు సందుది. జబ్బుపడ్డ కూలిమనిషి, ఆమె బిడ్డ. పక్కగదిలో చెప్పులు కుట్టుకునే ముసలాయన. రోజూ తన రొట్టెలో సగం ఆమె గడపలో పెట్టి, కనపడకుండా వెళ్లిపోతాడు. మొదట్లో ఉన్నది ఉన్నట్టే చదివాను. జనం కిక్కురుమనకుండా విన్నారు. నాకది చాల్లేదు, నవ్వించాలనిపించింది.

ముసలాయన ఇంకోసారి రొట్టె పెట్టి పోయాడు. "ఆకలి సంగతి అతనికి తెలుసు" అని రాత పడింది. దాన్ని లోపల చదువుకుని, పైకి మాత్రం గొంతు సాగదీసి, "ముసలోడు ఊరికే పెడతాడా? లోపలున్న దాని మీద కన్నుపడింది" అన్నాను.

డేరా గొల్లున నవ్వింది. వెనక నుంచి ఎవడో, "మన రేకుల సాయిబు లాగానా అయ్యవారూ?" అన్నాడు. నవ్వు రెట్టింపయింది.

రేకుల సాయిబంటే చిల్లులు పడ్డ లాంతర్లకూ బొక్కెనలకూ మాట్లు వేసే ముసలాయన. సున్నపు బట్టీలో మొగుడు పోయిన ఒకావిడ, బిడ్డతో ఆయన పక్క కొట్టంలో ఉండేది. దగ్గు ముదిరి ఆమె పనికి పోలేని రోజుల్లో సాయిబు జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి గడపలో పెట్టేవాడు. ఆ సంగతి నాకూ తెలుసు. ఆ మాట అనేటప్పుడు వాళ్లు గుర్తు రాలేదని చానా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. గుర్తొచ్చారు.

ఇద్దరూ డేరాలోనే ఉన్నారు, ఆడవాళ్ల వైపు ఆమె, మగవాళ్ల వైపు ఆయన. ఆమె చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని, బిడ్డను లాక్కుని బయటికి నడిచింది. అసలు రాత ఇదీ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. రీలు తిరుగుతూనే ఉంది. తర్వాతి రాతకు కూడా నవ్వించాను.

మర్నాటి నుంచి ఆమె రొట్టె ముట్టలేదట. పెట్టిన గుడ్డ పెట్టినట్టే ఉండేదట. పదిరోజులకు బిడ్డతో ఏటవతలికి వలస పోయిందన్నారు. దగ్గుతూనే పోయిందన్నారు.

నెల తర్వాత లాంతరు చేతపట్టుకుని సాయిబు దగ్గరికి వెళ్లాను. తేలు కుట్టిన దొంగలా దాన్ని ఆయన ముందు పెట్టి, చివరికి చెప్పేశాను.

"తాతా, ఆ రోజు తెర మీద అట్లా లేదు. ఆకలి సంగతి అతనికి తెలుసు అని ఉంది. నేనే మార్చి చెప్పాను."

ఆయన లాంతరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికేం కాలా, తీసుకుపో అయ్యవారూ. ఆ మాట నాకు చెప్తే ఏంది? నాకు తెల్సిందేగా. ఆ రోజు నవ్వినోళ్లకు చెప్పు."

ఆ నవ్విన వాళ్ల పిల్లలకే ఇంకో ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఆ పెద్దవాళ్లు రోజూ ఎదురుపడి దణ్ణం పెట్టేవాళ్లు. ఒక్కరికీ చెప్పలేదు.