దడి మీది చిక్కుడు

ఈ ఉదయం మా పై వాటాలో బొద్దింకల మందు కొట్టించారు. ఆ వాసన మెట్ల మీదుగా దిగి మా వంటింట్లోకి వచ్చింది. పొయ్యి కట్టేసి బాల్కనీలోకి పోయి నిలబడ్డాను. "ఆ మాత్రం వాసనకే ఇంత బెదురేంటత్తయ్యా" అంది మా కోడలు. ఏం చెప్పను? అరవై దాటిన మనిషిని, ఎన్నో చావులు చూసినదాన్ని. కానీ ఆ వాసన తగిలితే నేను ఇంకా ఈపూరు అవతల ఆ పల్లెలో, సైదాబీ అత్త పెరటి దడి పక్కనే నిలబడి ఉంటాను. ఆమెని ఎరిగినవాళ్లు ఇప్పుడు నా చుట్టూ ఎవరూ లేరు. అందుకే రాస్తున్నాను. నన్ను నేను మంచిదాన్నిగా చూపించుకోవడానికి మాత్రం కాదు. ఇందులో నేను మంచిదాన్ని కాను.

ఎనభైలలో ఆ ఊరికి కాపురానికి వెళ్లాను. అప్పటికి ఊరు చుట్టూ పత్తి తప్ప మరో పైరు కనపడేది కాదు. మా ఆయనా పత్తే వేశాడు. మా పెరటికి ఆనుకుని సైదాబీ అత్త పెరడు. మధ్యలో కంపదడి. ఆమె భర్త మౌలాలి మామ డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. ఆమెకి యాభై ఏళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట కటువు. నాలుగు మంచాలు వేస్తే నిండిపోయే ఆ పెరట్లో వంగ, గోంగూర, మిరప, పాక మీదికి పాకిన గుమ్మడి, అన్నీ ఉండేవి. వాటి మధ్య కొత్తిమీరా ఆవమొక్కలూ కోయకుండా పూతకి వదిలేసేది. నాకు అదేం సంసారమో అర్థమయ్యేది కాదు.

"అత్తా, కొత్తిమీర ముదిరిపోయింది, పీకెయ్యరాదూ" అన్నాను ఒకరోజు.

"ముదిరింది నీకే. ఈగలకి ఇప్పుడే పండగ" అంది. "పొలాల్లో వాటికి ఏం మిగిల్చారు గనక? పూతకొచ్చిన ప్రతిదానికీ మందే. ఇక్కడన్నా నాలుగు పూలుంటే బతుకుతయ్."

ఈగలంటే తేనెటీగలు. గోడవారన ఆమె బోర్లించి పెట్టిన మూతి పగిలిన కుండలో అవి కాపురం పెట్టాయి. తెల్లారేసరికి బయల్దేరేవి. నేను పొద్దెక్కి లేచి పెరడు ఊడుస్తుంటే, "రవణమ్మా, నా ఈగలు ఒక విడత పనికెళ్లొచ్చినయ్. నీకు ఇప్పుడు తెల్లారిందా?" అని దడి అవతలి నుంచి ఎత్తిపొడిచేది. ఒళ్లు మండేది నాకు. కానీ ఏ మొక్కకి ఏ తెగులొచ్చినా పరిగెత్తేది ఆమె దగ్గరికే.

దడి మీద చిక్కుడు పాదు నాది. గింజ ఆమె ఇచ్చిందే. మా ఊళ్లో దడి మీది పాదుకి ఒక కట్టుబాటు ఉండేది. తీగ ఎవరిదైనా సరే, అవతలికి వాలిన కాయ అవతలివాళ్లదే. అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. అడిగితే పరాయితనం కింద లెక్క. ఆ కట్టుబాటు ఎంత బాగుండేదో, అదే ఎంత పని చేసిందో చెప్తాను.

కార్తీకంలో చిక్కుడు విరగపూసింది, కాయా పట్టింది. వెంటనే పేనుబంక పురుగు ఎక్కింది. చిగుళ్లన్నీ నల్లగా ముద్దకట్టేశాయి. సైదాబీ అత్త చూసి, "పొయ్యిలో బూడిద చల్లు. ఎక్కువ పట్టిన చిగుళ్లు తుంచెయ్. నాలుగు రోజులు ఓర్చుకోవాల. మందు జోలికి మాత్రం పోమాకు" అంది. రెండు రోజులు చల్లాను. తగ్గలేదు. నాకు ఓర్పెక్కడిది? మంచం కింద పత్తికి తెచ్చిన మందు డబ్బాలో ఇంకా కొంచెం మిగిలి ఉంది. పత్తికి పనిచేసేది చిక్కుడికి పనిచెయ్యదా అనుకున్నాను. మా ఆయన మందు కొట్టే పంపు నిండా పోసిన నీళ్లకి ఒక మూత పోసేవాడు. నేను అరబక్కెట్టులో రెండు మూతలు పోసి, చీపురు ముంచి, దడి పొడుగునా చిలకరించాను. అవతల పూతకొచ్చిన ఆమె కొత్తిమీర కూడా తడిసింది. ఆ పూట ఆమె ఇంట్లో లేదు.

మధ్యాహ్నానికి పేను రాలిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. సాయంత్రం మా ఆయనకి చెప్తే, "పది రోజులు కాయ కోయమాకు" అన్నాడు. సరేనన్నాను. అవతలి కాయ సంగతి నాకు తట్టలేదని చెప్తే అబద్ధం అవుతుంది. తట్టింది. వెళ్లి చెప్తే సైదాబీ అత్త తిడుతుందని ఊరుకున్నాను. అంతే. ఇంతకంటే పెద్ద కారణం లేదు.

ఆమె కూతురు హుసేన్‌బీ ఏడో నెల కడుపుతో పుట్టింట్లో ఉంది. నాకంటే ఏడాది చిన్నది. మర్నాడు పొద్దున ఆమే అటువైపు కాయలు కోసుకుంది. పిల్ల నోరు తెరిచి అడిగిందని తల్లి ఇగురు వండి, ముందు పిల్లకి పెట్టింది. మామ పనికి వెళ్లాడు. తను తర్వాత తిందామనుకుంది. గంట తిరక్కముందే అరుపులు వినపడ్డాయి. నేను వెళ్లేసరికి హుసేన్‌బీ నోట్లోంచి చొంగ కారుతోంది, ఒళ్లంతా చెమట, ఊపిరి ఎగపోస్తోంది. ట్రాక్టరు మీద వేసుకుని నరసరావుపేట తీసుకుపోయారు.

డాక్టరు ఆమె కళ్లు చూసి, "మందు తాగింది" అన్నాడట. ఆయన తప్పేం లేదు. ఆ రోజుల్లో మా వైపు నుంచి అలా వచ్చేవాళ్లంతా తాగే వచ్చేవాళ్లు. వైద్యం సరైనదే చేశాడు, మనిషి బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు.

వాళ్లు ఆసుపత్రిలో ఉండగా నేను దడి దాటి వెళ్లాను, వాళ్ల మేకకి మేత వెయ్యడానికి. కుండ కింద ఈగలు కుప్పగా చచ్చి పడున్నాయి. చీపురు తెచ్చి ఊడ్చి మా పెంటదిబ్బలో కప్పేశాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే రాస్తున్నాను. "నోరు మూసుకుని ఉండు. కేసవుద్ది" అన్నాడు మా ఆయన. ఆయన అనకపోయినా నేను మూసుకునే ఉండేదాన్ని.

ఊరంతా ఒకటే మాట. మౌలాలి కూతురు మందు తాగిందంట. మొగుడితో పడలేదంట. మూడోరోజు ఆమెని ఇంటికి తెచ్చారు. అత్తగారూ మొగుడూ వచ్చి వాకిట్లో కూర్చున్నారు. "కడుపులో బిడ్డని చంపుకున్న మనిషి మాకొద్దు" అంటోంది అత్తగారు. హుసేన్‌బీ గోడకి ఆనుకుని, "నేను తాగలా" అంటోంది, ఒకే మాట మళ్లీ మళ్లీ. అప్పుడు సైదాబీ అత్త కూతురి గడ్డం పట్టుకుని, "నాకన్నా నిజం చెప్పవే. ఎందుకు తాగావే?" అని అడిగింది.

కన్నతల్లే నమ్మలేదు. అది చూశాక నేను నిలబడలేకపోయాను. మా ఆయన చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని వెళ్లాను.

"ఆమె తాగలేదు. చిక్కుడికి మందు కొట్టింది నేను. మీకు చెప్పలా" అన్నాను.

సైదాబీ అత్త లేచి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"చెప్పావు. మూడు రోజులకి చెప్పావు. రెండూ గుర్తుంటయ్ నాకు" అంది.

నేను ఒప్పుకున్నది విని హుసేన్‌బీ మొగుడు తల దించుకున్నాడు. రెండు నెలలకి వచ్చి ఆమెని తీసుకుపోయాడు. అత్తగారు మాత్రం చచ్చేదాకా "మందు తాగిన కోడలు" అనే అందట. ఒకసారి అంటుకున్న మాట అది. నేను చెప్పినంత మాత్రాన పోలేదు. ఆ తర్వాత హుసేన్‌బీకి పిల్లలు కలగలేదు.

నేను చెప్పిన మర్నాడు తెల్లవారుతుండగా సైదాబీ అత్త దడి దగ్గర నిలబడి పిలిచింది. వెళ్లాను. గుమ్మడి పాదు దగ్గరికి తీసుకెళ్లింది. పూలు నిండా విచ్చుకుని ఉన్నాయి. ఒక్క ఈగ లేదు. ఒక పువ్వు కోసి రేకులు తీసేసి, లోపలి పుప్పొడి కాడని, కింద చిన్న పిందె ఉన్న ఇంకో పువ్వులో మెల్లిగా అద్దింది.

"ఇది పోతుపువ్వు, అది పిందెపువ్వు. పొద్దెక్కితే ముడుచుకుపోతయ్, అందుకని ఈలోపే అద్దాల. నా ఈగల్ని చంపావు. వాటి పని నువ్వు చెయ్యి" అంది.

ఒక్కసారే చూపించింది. ఆ రోజు నుంచి మాఘం దాకా తెల్లారగట్టే లేచి దడి దాటాను. చలి. వేళ్లు కొంకర్లు పోయేవి. మొదటి పది రోజులు అద్దినవన్నీ పసుపెక్కి రాలిపోయాయి. పుప్పొడి ఎంత, చెయ్యి ఎంత బరువు, నాకేం తెలుసు? ఆమె పెరటి గుమ్మంలో కూర్చుని చూసేది. తిట్టేది కాదు, మెచ్చేది కాదు, ఇదివరకటిలా ఎత్తిపొడిచేది కూడా కాదు. ఆ ఎత్తిపొడుపు కోసం నేను ఎంత మొహం వాచిపోయానో చెప్పలేను. రోజుకి ఇరవై పూలు అద్దేసరికి నా నడుము పడిపోయేది. వేల పూలు తిరిగే ఆ పురుగులు ఏ జీతానికి చేశాయి ఈ పని అనిపించేది. ఆ కుండలోకి మళ్లీ ఈగలు రాలేదు. నేను ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ రాలేదు.

చివరికి ఒక పిందె నిలిచింది. తర్వాత ఇంకో రెండు నిలిచాయి. మొదటికాయ ఎదిగాక, హుసేన్‌బీని తీసుకుపోవడానికి మొగుడు వచ్చే ముందురోజు, సైదాబీ అత్త దాన్ని కోసి వండింది. నన్ను లోపలికి పిలిచింది. అన్ని రోజుల్లో నేను ఆ గడప తొక్కడం అదే మొదలు. హుసేన్‌బీ కంచం ముందు కూర్చుని ఉంది. అన్నం పెట్టి ఉంది, కూర వెయ్యలేదు. అత్త ఇంకో కంచంలో కూర వడ్డించి నా ముందు పెట్టింది.

"ముందు నువ్వు తిను" అంది.

తిన్నాను. ఉప్పుందో లేదో తెలియలేదు. ఖాళీ చేసి చెయ్యి కడుక్కోబోతే కూర్చోమంది. ముగ్గురం అలాగే కూర్చున్నాం. బయట ఎండ గడప దాటి లోపలికి వచ్చేదాకా, నా మొహం వంకే చూస్తూ, ఆ తల్లి కూతురికి కూర వెయ్యలేదు.

తర్వాత ఎన్నో ఊళ్లు మారాం, ఎన్నో పాదులు పెంచాను. ఇప్పుడు బాల్కనీలో నాలుగు కుండీలున్నాయి. వాటికి ఏ మందూ కొట్టను. అయినా మొదటికాయ నేనే వండుకుని, ఒక్కదాన్నే తింటాను. ఎంత ముసలిదానివైనా నాలుక చంపుకోలేవు అని మావాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఒక పూట ఆగి, నాకేమీ కాలేదని చూసుకుని, అప్పుడు పిల్లలకి పెడతాను.