శంకరమ్మ ఇంటి మీది చుక్క

బోధన్‌లో బట్టలు కుట్టే అయ్యూబ్‌ను కూతురేం చేస్తుందని అడిగితే, స్టాటిస్టిక్స్ కొలువని ఠీవిగా చెప్పి, మరో ప్రశ్న పడకుండా గబగబా మిషను తొక్కేవాడు. అదేం కొలువో ఆయనకూ సరిగ్గా తెలియదు మరి. నజియా నిజామాబాద్‌లో చదువుకుని, హైదరాబాద్‌లో కొన్నేళ్లు కొలువు చేసి, ఇంటి నుంచే పనిచేసే వీలు దొరకగానే తిరిగొచ్చింది. అంకెల్ని వేలు తగిలితే కదిలే బొమ్మలుగా మార్చడం ఆమె పని. వానలు, పసుపు ధరలు, బడిపిల్లల హాజరు, ఏదిచ్చినా ఫోన్లో జరిపి చూసుకునేలా చేసేది. అందులో ఆమెకు పేరుంది, కాస్త గర్వమూ ఉంది.

మొన్నటి వానాకాలం వాళ్ల వాడలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. రోగులెక్కడెక్కడ ఉన్నారో చూపే పటం చేసిమ్మని ఒక స్వచ్ఛంద సంస్థ అడిగింది. ఒక్కో రోగికి ఒక్కో ఎర్ర చుక్క. ఎవరి ఇల్లన్నది బయటపడకూడదని నజియా ప్రతి చుక్కనూ అసలు చోటు నుంచి కొంచెం పక్కకు జరిపింది. ఆ పనిలో అది మామూలు జాగ్రత్తే. ఆ సంగతి పటం అడుగున చిన్న అక్షరాల్లో రాసింది కూడా. చిన్న అక్షరాలు చదివే ఓపిక ఎవరికుంటుంది? జనం పటాన్ని పెద్దది చేసుకుని, చుక్క ఎవరింటి మీద పడిందో వెతికారు. ఒకటి శంకరమ్మ ఇంటి మీద పడింది.

శంకరమ్మ సాయంత్రాలు వాకిట్లో జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆమెకున్న ఆధారం అదొక్కటే. పటం బయటికొచ్చాక రొట్టెలకు ఒక్కరూ రాలేదు. కొన్నాళ్లు చూసి, ఆమె నేరుగా నజియా దగ్గరికొచ్చింది.

"నా ఇంట్ల ఎవ్వలకు రోగం రాలె బిడ్డా. గా సుక్క నా ఇంటి మీద ఎందుకు వెట్టినవ్?"

రోగమొచ్చినవాళ్ల పరువు కాపాడటానికే చుక్కల్ని జరిపానని నజియా వివరించింది. శంకరమ్మ అంతా విన్నది.

"ఒకల ఇల్లు దాయవోయి నా ఇల్లు వట్టిచ్చినవ్."

నజియా సిగ్గుతో చచ్చిపోయింది. ఆ పూటే చుక్కలన్నీ తీసేసి, వాడ మొత్తానికీ ఒకే రంగు వేసింది. తండ్రి దుకాణమూ ఆ రంగులోకే వచ్చింది. అయ్యూబ్ గొణిగాడు గానీ అడ్డు చెప్పలేదు. అయితే పాత పటం అప్పటికే ఫోన్లలో ఫొటోలుగా చేతులు మారుతోంది. దాన్ని చెరపడం ఆమె తరం కాలేదు.

ఆ సాయంత్రం నజియా శంకరమ్మ వాకిట్లో, దారిన పోయేవాళ్లందరికీ కనపడేలా స్టూలేసుకుని కూర్చుని, ఉల్లికారంతో రొట్టె తింది. మర్నాడూ అంతే. ఎవరాగి చూసినా ఆ చుక్క తానే పెట్టానని, తప్పు తనదేనని చెప్పింది. కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే అక్కడి నుంచే మాట్లాడింది. రొట్టెలు మొహం మొత్తినా మానలేదు. శంకరమ్మ మాత్రం ముభావంగా రొట్టె వేసి తన పని చూసుకునేది.

ఒక సాయంత్రం ఎదురింటి కుబ్రా గిన్నె పట్టుకుని వచ్చింది. ఆమె వెనకాల ఇంకో ఇద్దరు. శంకరమ్మ పిండి చేతులతోనే నజియా వైపు తిరిగింది.

"జర లే బిడ్డా, గిరాకచ్చింది."

నజియాకు ప్రాణం లేచొచ్చింది. స్టూలు ఖాళీ చేసి పక్కకు నిలబడింది.