కెనడా ఈశ్వరయ్య

ఈశ్వరయ్యకు ఉన్నది ఒకటే పిచ్చి. కెనడా ప్రభుత్వం ఎప్పుడు పడిపోతుందా అని రోజూ ఎదురుచూడటం.

ఆయన కెనడా చూడలేదు. అక్కడ ఆయనకు చుట్టాలు లేరు, స్నేహితులు లేరు, అప్లికేషన్ పెట్టే ఉద్దేశమూ లేదు. సొంతూరు అన్నమయ్య జిల్లా పుల్లంపేట. ఉండేది కువైట్‌లో, హవల్లీలోని ఒక పాత బిల్డింగులో. పని షర్క్‌లో ఒక ఆఫీసులో టీ పెట్టడం. యాభై ఆరేళ్లు వచ్చినా ఆయన ఉద్యోగం పేరు ఆఫీస్ బాయే. అయినా పొద్దున కళ్లు తెరవగానే ఫోను తీసి ఒట్టావాలో ఏం జరిగిందో చూసేవాడు. పళ్లు తోముకుంటూ, బ్రష్షు నోట్లో ఉండగానే గదికంతా ప్రకటించేవాడు.

"ఈ వారం దాటదప్పా. రాసి పెట్టుకోండి."

గదిలో ఎవరూ రాసి పెట్టుకునేవాళ్లు కాదు. వాళ్లకు ఆ మాట అలారం మోతతో సమానం. అది వినబడితే లేచి డ్యూటీకి తయారయ్యేవాళ్లు.

గంగాధర్ ఆ గదికి 2024 జనవరిలో వచ్చాడు. రాయచోటి పక్క పల్లెటూరు వాడిది. సులైబియాలో కూరగాయల గోడౌనుకు పికప్ నడిపే పని దొరికింది. మేనమామ చెప్పగా ఈశ్వరయ్య తన గదిలో ఒక మంచం ఇచ్చాడు. గంగాధర్ పెట్టె కింద పెట్టాడో లేదో ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వు ఏ పార్టీ నాయనా?"

గంగాధర్ ఛాతీ విరిచాడు. వాళ్ల ఇంట్లో తాత కాలం నుంచి ఒకటే పార్టీ. ఆ పేరు గర్వంగా చెప్పబోయాడు. మొదటి అక్షరం బయటికి రాగానే ఈశ్వరయ్య చెవులు మూసుకున్నాడు.

"ఆ పేర్లు బయట చెప్పులతో పాటే ఇడిచి రావాల. నేను అడిగేది కెనడాలో."

"కెనడాలో నాకు పార్టీ యాడిదన్నా?"

"పార్టీ లేకపోతే ఈ గదిలో అన్నమెట్ల తింటావు?"

అప్పుడు స్నానాల గది నుంచి తల తుడుచుకుంటూ ఒకడు బయటికి వచ్చాడు. వాణ్ణి చూసి గంగాధర్ మొహం మాడిపోయింది. వాడు అబ్బాస్. గంగాధర్ ఊరివాడే, ఏసీలు బాగుచేసే మెకానిక్. రెండు కుటుంబాలకూ మధ్య ఒక వీధి, రెండు పార్టీలు, మూడు పోలీసు కేసులు. ఊళ్లో ఎదురుపడితే ఇద్దరూ పక్కకు తిరిగి ఉమ్మేసేవాళ్లు. ఇక్కడ ఉమ్మడానికి చోటు లేక ఇద్దరూ గోడ చూశారు.

ఈశ్వరయ్య ఇదంతా చూడనట్టే, "బాగుండాది. మీరిద్దరూ లిబరల్" అన్నాడు.

"ఇద్దరమూనా?" అన్నాడు గంగాధర్.

"అవునప్పా. అధికార పక్షంలో మనిషి తక్కువుండాడు."

ఆ సాయంత్రం అన్నం తింటూ ఈశ్వరయ్య కొత్తవాడికి పాఠం చెప్పాడు. "లిబరల్ వాళ్లది ప్రభుత్వం. గానీ మెజారిటీ లేదు. ఎన్డీపీ అని చిన్న పార్టీ ఒకటి వాళ్ల చేయి పట్టుకోనుండాది. ఆ చేయి ఇడిస్తే ఖలాస్, ఎలక్షన్లే. కన్జర్వేటివులు దానికే కాచుకోనుండారు. బ్లాక్ అని ఇంకో పార్టీ, వాళ్లకు వాళ్ల రాష్ట్రం తప్ప ఏమీ పట్టదు."

గదిలోని ఆరుగురికీ ఈ లెక్కన పదవులు ఉన్నాయి. కడప మునాఫ్ కన్జర్వేటివ్ నాయకుడు. వాడు నోరు తెరిస్తే గోడ మీద గడియారం కదిలేది. బిల్డింగు వాచ్‌మన్ చిన్నపుల్లయ్య బ్లాక్. ఆ ముసలాయనకు తన మంచం, తన ఫ్యాను తప్ప లోకంతో పని లేదు గనక ఆ పార్టీ సరిగ్గా అతికింది. హోటల్లో వంట చేసే అల్లాబకష్ ఎన్డీపీ. ఈశ్వరయ్య స్పీకర్. స్టీలు పళ్లెం, గరిటె ఆయన అధికార చిహ్నాలు.

వారానికోసారి గురువారం సాయంత్రం అవిశ్వాస తీర్మానం ఉండేది. ఓడిన పక్షం వారమంతా గిన్నెలు కడగాలి. లిబరళ్లు ఇద్దరు, ఎదురుగా మునాఫ్, చిన్నపుల్లయ్య ఇద్దరు. అల్లాబకష్ ఎటు చెయ్యెత్తితే అటే గెలుపు. అసలు కెనడాలో ఎన్డీపీ తన మద్దతుకు బదులుగా జనానికి పళ్ల వైద్యం అడిగిందట. ఇక్కడ అల్లాబకష్ శుక్రవారం చేపల పులుసు అడిగేవాడు. చేప షర్క్ మార్కెట్లో కొన్నదే కావాలి, తలకాయ తనకే రావాలి. ప్రభుత్వాన్ని కాపాడుకోవడానికి గంగాధర్, అబ్బాస్ ఒకరి మొహం ఒకరు చూడకుండానే కలిసి చేపలకు వెళ్లేవాళ్లు.

"నాది కాదన్నా ఈ ఖర్మ," అని గంగాధర్ గొణిగేవాడు.

"కూటమి ధర్మం నాయనా," అనేవాడు ఈశ్వరయ్య.

ఆయన ఆఫీసులో నిజమైన కెనడావాడు ఒకాయన ఉండేవాడు, ఇంజనీరు. ఈశ్వరయ్య రోజూ పదిన్నరకు ఆయనకు టీ ఇస్తూ, "సార్, గవర్నమెంట్ ఫాల్ దిస్ వీక్?" అని అడిగేవాడు. ఆ సారు మొదట్లో నవ్వేవాడు, తరవాత భుజాలెగరేసేవాడు. చివరికి ఒకరోజు దండం పెట్టి, తాను ఇరవై ఏళ్లుగా ఓటే వేయలేదని చెప్పాడు. ఈశ్వరయ్య ఆ సాయంత్రం గదికి వచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"ఓటెయ్యడంట. అట్టాంటోనికి ఇన్ని దినాలు అల్లం ఏసి టీ ఇచ్చినా."

మర్నాటి నుంచి ఆ సారు టీలో అల్లం లేదు. నాలుగు రోజులు చూసి ఆయనే తన దేశం పార్టీల గురించి చదువుకుని వచ్చాడు. అల్లం మళ్లీ పడింది.

ఇలా ఉండగా మన దగ్గర ఎన్నికలు వచ్చాయి. హవల్లీలో రాయలసీమవాళ్లున్న ప్రతి గదిలో ఫోన్లు వేడెక్కాయి. ఈశ్వరయ్య తన గదిలో మాత్రం గురువారం సభను రోజువారీ సభ చేశాడు. పోలింగు నాడు కార్బన్ పన్ను మీద చర్చ. ఎగ్జిట్ పోల్స్ నాడు ఇళ్ల ధరల మీద చర్చ. ఫోను చూడబోయినవాడి నెత్తి మీద గరిటె మోగేది.

ఫలితాల రోజు జూన్ నాలుగు. మధ్యాహ్నానికే గంగాధర్ పార్టీ ఓడిపోయిందని తేలింది. సులైబియాలో లోడు దించుతుండగా ఇంటి నుంచి చిన్నాయన ఫోను చేశాడు.

"అబ్బాస్ తమ్ముడు మన వాకిట్లో టపాకాయలు కాల్చినాడురా. మీ నాయన మొగాన రంగు కొట్టినారు. ఆయప్ప లోపలికి పోయి తలుపేసుకున్న్యాడు. వాని అన్న నీ గదిలోనే ఉండాడు గదా. నువ్వు మొగోనివైతే అడుగు."

తర్వాత ఆ గొడవ వీడియో కూడా వచ్చింది. తెల్ల చొక్కా నిండా రంగుతో, కళ్లు తుడుచుకుంటూ నాన్న. గంగాధర్‌కు తర్వాత బండి ఎలా నడిపాడో గుర్తులేదు. ఎండ ఇంకా తగ్గకముందే హవల్లీ చేరాడు. మెట్లు రెండేసి ఎక్కాడు. చేతిలో టైరు విప్పే రాడ్ ఉంది.

తలుపు తీసింది ఈశ్వరయ్య. చేతిలో పళ్లెం, గరిటె. ఆయన రాడ్ వంక చూశాడు.

"వచ్చినావా. నీ కోసమే ఆపినా. మునాఫ్ అవిశ్వాసం పెట్టినాడు. ఆ కమ్మీ బయట పెట్టి రా, సభలోకి ఆయుధాలు నిషేధం."

"అన్నా, నాకు అబ్బాస్‌తో పనుండాది."

"ఉంటాది. ఇద్దరూ అధికార పక్షం. పోయి వాని పక్కన కూర్చో."

"అది కాదన్నా, మా నాయన్ని..."

"గంగాధరా." ఈశ్వరయ్య గొంతు తగ్గించాడు. ఆ గొంతు గంగాధర్ ఎప్పుడూ వినలేదు. "నాకు తెల్సు. నేనూ చూసినా ఆ వీడియో. ఒక్క గంట నా మాట ఇను. ఆ తర్వాత నీ ఇష్టం."

ఆయన రాడ్ మీద చెయ్యి వేసి మెల్లగా తీసుకున్నాడు. గంగాధర్ ఎందుకు వదిలేశాడో వాడికే తెలియదు. వెళ్లి అబ్బాస్ పక్కన, మధ్యలో ఒక దిండు వేసుకుని కూర్చున్నాడు. అబ్బాస్ తల వంచుకుని ఉన్నాడు.

మునాఫ్ లేచాడు. వాడికి ఈశ్వరయ్య ముందే ఏం చెప్పి పెట్టాడో గానీ ఆ రోజు వాడు మనిషిలా మాట్లాడలేదు. లిబరళ్లు దొంగలన్నాడు, చేతకానివాళ్లన్నాడు, పెట్రోలు మీద పన్నేసి బీదోళ్ల కడుపు కొట్టారన్నాడు. చివరికి వేలు చూపించి, "ఇదిగో, ఈ గంగాధరే దానికి జవాబు చెప్పాల" అన్నాడు.

మధ్యాహ్నం నుంచి గంగాధర్ లోపల ఉడుకుతున్నదంతా దారి దొరికి బయటికి వచ్చింది. పైకి లేచి అరవడం మొదలుపెట్టాడు. "యావప్పా, ఏం తెల్సని మాట్లాడతాండావు? మంచు అంతా కరిగిపోతాంటే నీ పార్టీ ఏం చేసింది? అడవులు కాలిపోతాంటే యాడుండారు మీరు?" వాడు జన్మలో మంచు చూడలేదు. అయినా ఆ మంచు వాళ్ల నాన్న పొలంలోనే కరుగుతున్నట్టు గొంతు వణికింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఊపిరి అందక ఆగితే పక్క నుంచి అబ్బాస్ లేచి అందుకున్నాడు. "పన్ను కట్టినోళ్లకు డబ్బు తిరిగి ఇస్తాండాం, అది చెప్పవేం మునాఫ్ భాయ్?" ఇద్దరూ కలిసి మునాఫ్‌ను గోడ దాకా నెట్టారు, మాటలతోనే.

ఓటింగు. అల్లాబకష్ చెయ్యి ఎత్తకుండా గడ్డం గోక్కున్నాడు. "ఈ శుక్రవారం రెండు చేపలు. పులుసులో మునక్కాయలు కూడా."

"ఇస్తాం," అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

అల్లాబకష్ చెయ్యెత్తాడు. ఈశ్వరయ్య పళ్లెం మోగించాడు. గంగాధర్ ఆనందం పట్టలేక పక్కనున్నవాణ్ణి కౌగిలించుకున్నాడు. ఎవరిని కౌగిలించుకున్నాడో తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

ఇద్దరూ అలాగే నిలబడిపోయారు. అబ్బాస్ ముందు మాట్లాడాడు. "నా తమ్ముడు చేసింది తప్పు. మధ్యాహ్నమే తిట్టినా వాన్ని. మీ నాయనకు నేనే ఫోను చేసి చెప్పుకుంటా. నంబరు ఇయ్యి."

ఫోనులో గంగాధర్ నాన్న అంతా విన్నాడు. తరవాత, "నువ్వు బాగుండావా అబ్బాసూ? తింటాండావా సరిగ్గా?" అని అడిగాడు. అబ్బాస్ ఫోను గంగాధర్ చేతిలో పెట్టి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున మెట్ల దగ్గర చిన్నపుల్లయ్య గంగాధర్‌ను ఆపాడు. ఏడాదికి పది మాటలు మాట్లాడే మనిషి. ఆ రోజు ఒకేసారి ఏడాది మాటలన్నీ ఖర్చు పెట్టాడు.

"పక్క వీధిలో నిన్న మనోళ్లు తన్నుకున్న్యారు. పోలీసులొచ్చి నలుగుర్ని ఎత్తకపోయినారు. ఇంక వాళ్ల ఇఖామాలు, ఈడ ఉండే పర్మిట్లు ఖలాస్, ఇంటికే. మన గదిలోనూ జరిగింది ఇట్లనే, పోయిన ఎలక్షన్లప్పుడు. పెంచల్ అని ఈశ్వరయ్య అక్క కొడుకు. ఈయనే వీసా తీసి పిలిపించినాడు. నీ మంచమే వానిది. రిజల్టు నాడు ఒకని తల పగలగొట్టినాడు. ఇద్దర్నీ పంపించేసినారు, మళ్లీ రాకుండా ఏలిముద్రలు తీసుకోని. మేనల్లుని మొగం గూడా చూడనీకపోతే, వాని పెట్టె సర్ది పంపింది ఈశ్వరయ్యే. ఒక్కొక్క చొక్కా మడత పెట్టి పెట్టి."

గంగాధర్ తల ఎత్తి పైన తమ గది తలుపు వంక చూశాడు.

"ఆ తర్వాత ఆఫీసు టీవీలో కెనడా వార్తలు చూసినాడంట. నాతో ఏమన్న్యాడో తెల్సునా? చిన్నపుల్లయ్యా, ఆ దేశం మీద మనోళ్లకు పగ లేదు. యా పార్టీ గెలిచినా మన ఊర్లో ఎవురి తలా పగలదు. పైగా ఆ ప్రభుత్వం దినామూ పడేట్టే ఉంటాది, పడదు. కొట్లాడుకునేకి పని తక్కువ గాదు అని."

ఆ సాయంత్రం ఈశ్వరయ్య చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే గంగాధర్ వెళ్లి పక్కన నిలబడ్డాడు. కాళ్లకు దండం పెట్టబోతే ఆయన ఇస్త్రీ పెట్టె అడ్డం పెట్టాడు.

"కాలుతాది. లెయ్యి."

"అంతా మా కోసమేనా అన్నా? నీకు నిజంగా ఆ కెనడాతో ఏం పని లేదా?"

ఈశ్వరయ్య కాలరు మీద నీళ్లు చల్లుతూ ఆలోచించాడు. "మొదట్లో లేదు నాయనా. మీ కోసమే పెట్టుకున్నా. ఇప్పుడు ఇడిపించుకోలేకుండా ఉండా. మొన్న కలలో గూడా బడ్జెట్ వచ్చింది." కాసేపాగి, "వీగిపోయింది," అన్నాడు దిగులుగా.

ఆ సెప్టెంబరులో ఎన్డీపీ నిజంగానే చేయి వదిలింది. అల్లాబకష్‌కు వారమంతా ఎవరూ అన్నం వడ్డించలేదు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఎన్నికలు వచ్చాయి. ఫలితాల ముందు రోజుల్లో గదిలో ఎవరికీ మనసు నిలవలేదు. లిబరళ్లకు పూర్తి మెజారిటీ వస్తుందని సర్వేలు చెబుతున్నాయి. అది వస్తే నాలుగేళ్లు అవిశ్వాసం ఉండదు, సభ ఉండదు. ఈశ్వరయ్య టీలో చక్కెర బదులు ఉప్పు వేసినట్టు ఆఫీసు నుంచి కబురు కూడా వచ్చింది. గంగాధర్ తన పార్టీకే మెజారిటీ రాకూడదని వెంకన్నకు మొక్కుకున్నాడు. అబ్బాస్ కడప దర్గాకు చాదర్ మొక్కాడు. మునాఫ్ కూడా, తన కన్జర్వేటివులు గెలిచినా బొటాబొటిగా గెలవాలని కోరుకున్నట్టు తర్వాత ఒప్పుకున్నాడు.

లెక్క తేలింది. లిబరళ్లకు మెజారిటీకి మూడు సీట్లు తక్కువ.

ఈశ్వరయ్య మంచం మీద నుంచి లేచి ఫోను ఎత్తి అందరికీ చూపించాడు. అల్లాబకష్ మూల కూర్చుని ఏడుపు మొహం పెట్టాడు. వాడి పార్టీ ఏడు సీట్లకు పడిపోయింది.

"ఏడ్చాకు అల్లాబకషూ," అన్నాడు ఈశ్వరయ్య. "వాళ్లకు కావాల్సింది మూడు. నీకాడ ఏడుండాయి. చేప తలకాయ నీదే."

అబ్బాస్ వెళ్లి కిలో లడ్డు తెచ్చాడు. అందరూ తింటుండగా ఊరి నుంచి గంగాధర్ నాన్న ఫోను చేశాడు. వెనక గోల విని, "ఏం పండగరా అక్కడ?" అని అడిగాడు.

"కెనడాలో ఎవురికీ మెజారిటీ రాలేదు నాయనా."

"రాకపోతే మీకేందిరా?"

గంగాధర్ గది చుట్టూ చూశాడు. మునాఫ్ అప్పుడే కొత్త ప్రభుత్వాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. చిన్నపుల్లయ్య తన ఫ్యాను తనవైపు తిప్పుకున్నాడు. ఈశ్వరయ్య మూతికి అంటిన లడ్డు పొడి తుడుచుకుంటూ పళ్లెం కోసం వెతుకుతున్నాడు.

"మాకు మంచే జరిగింది నాయనా," అన్నాడు గంగాధర్. "ఉండు, అబ్బాస్ మాట్లాడతాడంట."